లింగంపల్లి చేరడానికి ఆరేళ్లు

ఆరేళ్ల క్రితం జెనీవా వెళ్లొచ్చి, మా అపార్ట్‌మెంట్ల వార్షిక సంచికలో ఒక యాత్రా కథనం రాశాను. సరస్సు గురించి, హంసల గురించి, కప్పు కాఫీకి మన డబ్బుల్లో నాలుగు వందలు గుంజిన హోటలు గురించి రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. అందులో ఒక వాక్యం ఉంది: "మూడో రోజు వాన పడడంతో గదిలోనే విశ్రాంతి తీసుకున్నాను." వాన పడిన మాట నిజం. విశ్రాంతి మాట అబద్ధం.

ఆ రోజు గదిలో కూర్చుని నా టీములోని పన్నెండు మందికి మార్కులు వేశాను. మా కంపెనీలో ఒక ఆచారం ఉండేది. పన్నెండు మందీ బాగా పనిచేసినా సరే, ఒకడు మాత్రం పనికిరానివాడై తీరాలి. అట్టడుగు వరసలో ఒక గడి ఉంటుంది, అందులో ఎవరిదో ఒకరి పేరు పడకపోతే ఫారం ముందుకు కదలదు. నేను యాదగిరి పేరు వేశాను. కారణం, అతను సెలవులో ఉన్నాడు. భార్య పురిటికని రెండు వారాలు సెలవు పెట్టాడు. మిగతా పదకొండు మందిలో ఎవరి పేరు వేసినా నేను తిరిగి వెళ్లగానే వచ్చి క్యాబిన్ తలుపు కొడతారు. పురిటాసుపత్రిలో ఉన్నవాడు కొట్టడు.

కారణం రాయమన్న చోట "క్లయింటు అసంతృప్తి" అని రాశాను. ఆ క్లయింటు నా హోటలుకు నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. ముందు రోజు భోజనాల దగ్గర, యాదగిరి భార్య ఎలా ఉందని నన్ను అడిగాడు కూడా. ఇక చివరి ప్రశ్న: "అవసరమైతే ఇతన్ని మళ్లీ తీసుకుంటారా?" నాలోనూ మనిషనేవాడు కొంచెం మిగిలి ఉన్నాడు కాబట్టి "అవును" నొక్కాను. ఎర్ర గీత వచ్చింది. అడుగు గడిలో వేసినవాణ్ని మళ్లీ ఎలా తీసుకుంటావని కంప్యూటరు సందేహం. "కాదు" నొక్కగానే గీత పచ్చగా మారింది. భోజనానికి కిందికి దిగాను. చేప చాలా బాగుంది. దాని గురించి మాత్రం కథనంలో ఒక పేరా రాశాను.

ఆ ఏడు అడుగు గడిలో పడినవాళ్లను నెల తిరక్కుండా పంపేశారు. కొన్నాళ్లకు యాదగిరి నుంచి మెసేజ్ వచ్చింది. వచ్చిన ఉద్యోగాలు వచ్చినట్టే వెరిఫికేషన్‌లో పోతున్నాయట, మా కంపెనీ ఇచ్చిన రికార్డులో ఏదో ఉందంటున్నారట, నేను ఒక్క మెయిల్ పెడితే సరిపోతుందట. చదివాను. చదివినట్టు అతనికి రెండు నీలం గీతలు కనబడే ఉంటాయి. జవాబివ్వలేదు.

ఎనిమిది నెలల క్రితం నన్నూ పంపేశారు. పదకొండు నిమిషాల సమావేశం. "ఇది మీ సామర్థ్యం మీద తీర్పు కాదు" అని ఒకమ్మాయి కాగితం చూసి చదివింది. ఆ వాక్యం రాసిపెట్టింది నేనే, మూడేళ్ల క్రితం, ఇలాంటి సందర్భాల కోసమని. వాక్యం బాగానే కుదిరిందని అప్పుడనుకున్నాను. మొన్నీమధ్య ఒక కంపెనీ నన్ను దాదాపు తీసుకున్నట్టే తీసుకుని మౌనం పాటించింది. అక్కడ తెలిసినవాణ్ని బతిమాలితే గొంతు తగ్గించి చెప్పాడు: నా రికార్డులో ఆ చివరి ప్రశ్న దగ్గర "కాదు" అని ఉందట.

ఆ రోజు మొదటిసారి నా భార్య పద్మజకు జెనీవా మూడో రోజు గురించి చెప్పాను. ఆమె బళ్లో లెక్కల టీచరు. అంతా విని, "ముందు ఆయన్ని వెతకండి. ఎలాగూ ఖాళీయేగా," అంది.

ఇది ఆ యాత్ర కథనం. యాదగిరి ఫోన్ నంబరు మారిపోయింది. నా ఆఫీసు మెయిల్ పోయింది కాబట్టి అతని రికార్డు దిద్దే అధికారమూ పోయింది. నిజం చెప్పాలనిపించే వేళకు లాగిన్ లేకుండా పోయిందన్నమాట. మిగిలింది నడక. దారి మొత్తం కలిపినా గట్టిగా పాతిక కిలోమీటర్లుండదు, వీసా అక్కర్లేదు. అయినా మీలో చాలామంది వెళ్లి ఉండరు. నేనూ పద్దెనిమిదేళ్లు అదే దారిన కారు అద్దాలెక్కించుకుని తిరిగాను గాని, దాన్ని వెళ్లడం అనరు.

నార్సింగి

మొదటి రోజు పొద్దున్నే గేటు దాటుతుంటే వాచ్‌మన్ మల్లేశ్ లేచి నిలబడి, కారు ఇంకా మెకానిక్ షెడ్డులోనే ఉందా అని అడిగాడు. ఉందన్నాను. మూడు నెలలుగా అదే చెప్తున్నాను. కారు అమ్మేశాను. కొన్నది మా బ్లాకులోనే ఐదో అంతస్తు ఆయన. అది రోజూ ఈ గేటులోంచే వెళ్తుంది, మల్లేశ్ రోజూ దానికి సలాం కొడతాడు. అయినా నన్ను షెడ్డు గురించే అడుగుతాడు. అది మర్యాద అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

షేర్ ఆటోలో వెనక నలుగురం, డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరు. విదేశాల్లో విమానం ఎక్కితే ముందు సీటు వాళ్లు ముందు, వెనక సీటు వాళ్లు వెనక ఎక్కాలని నియమం. ఇక్కడ నియమం ఒక్కటే, సర్దుకోవాలి. నా పక్కన సుగుణమ్మ అనే వంటమనిషి కూర్చుంది. తను పనిచేసేది మా గేటెడ్ కమ్యూనిటీలోనేనని మాటల్లో తెలిసింది. కొంతకాలంగా పని తగ్గిందంది. ఎందుకని అడగకుండా ఉండాల్సింది.

"సి బ్లాకుల ముగ్గురు సార్లకు నౌకర్లు వోయినయి సార్. నన్ను బంద్ జేసిండ్రు. అమ్మగార్లకు ఒక్కపారే వంట మీద ప్రేమ పుట్టింది," అంది.

ఉద్యోగాలు పోయాయని ఎవరు చెప్పారు, వర్క్ ఫ్రం హోమ్ కావచ్చు కదా అన్నాను.

"ఎవరు జెప్పాలె? పొద్దుగాల పదింటికి బాల్కనీల సార్లే బట్టలారేస్తున్నరు. నౌకరున్న మగోడు ఎవడన్న దుప్పటి పిండి ఆరేస్తడా సార్?"

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ముందు రోజు పదింటికి నేను ఆరేసినవి రెండు దుప్పట్లు.

దిగేటప్పుడు ముప్ఫై రూపాయలకు ఐదు వందల నోటు తీశాను. ఫోన్‌లో కడదామంటే చార్జింగ్ లేదు. డ్రైవరు నోటును ఎండకు పట్టి చూసి, పొద్దుగాలే దీనికి చిల్లర ఎక్కణ్నుంచి తేవాలని విసుక్కున్నాడు. సుగుణమ్మ తన కొంగుముడి విప్పి నా ముప్ఫై కూడా ఇచ్చేసింది. మళ్లీ ఎక్కడ కలుస్తారు, ఎలా ఇవ్వను అని కంగారుపడ్డాను.

"ఫికర్ జెయ్యకుండ్రి," అంది చెప్పులు సర్దుకుంటూ. "మీది సి బ్లాకే గద సార్."

నానక్‌రాంగూడ

అద్దాల మేడల మధ్య ఒక చోట పొడవాటి వరస కనిపించింది. వాక్-ఇన్ ఇంటర్వ్యూలని బోర్డు. యాదగిరిని వెతకడానికి బయలుదేరినవాణ్ని అక్కడ ఆగనక్కర్లేదు. కానీ అలవాటైన జంతువు నీళ్లు కనబడితే ఆగినట్టు ఆగాను. బ్యాగులో రెజ్యూమే ఉంది. ఈ మధ్య దాన్ని పాలపాకెట్లకు వెళ్లినప్పుడు కూడా పెట్టుకుంటున్నాను.

వరసలో నా ముందున్న అమ్మాయి జనగామ నుంచి రాత్రి బస్సులో వచ్చిందట. పేరు రమ్య. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, చాలా గౌరవంగా, "అంకుల్, పేరెంట్స్ అటు చెట్టు కింద కూసుంటున్నరు. మీకెందుకు ఎండల తక్లీఫ్? మీ బాబు వస్తే నా వెనక నిలబెడత తియ్," అంది.

నాకు బాబు లేడు. అయినా "థాంక్స్ అమ్మా" అని వెళ్లి చెట్టు కింద కూర్చున్నాను.

అక్కడ పదిమంది తండ్రులున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఫైలు, ఒక నీళ్ల సీసా, ఒక టిఫిన్ డబ్బా. మా ఆఫీసు లోపల ఉన్న రోజుల్లో ఇలాంటివాళ్లను పైనుంచి చూసి, ఈ జనమంతా ఎవరు, ఇక్కడేదైనా ఫంక్షన్ హాలుందా అని అడిగినవాణ్ని నేను. నల్లగొండ నుంచి వచ్చిన ఒక రైతు తన డబ్బాలోని పులిహోర మూత మీద పెట్టి నాకిచ్చాడు. కొడుక్కి తెచ్చిందట, భయానికి వాడికి మింగుడు పడట్లేదట. వేరుశెనగలు బాగా వేయించి ఉన్నాయి, చింతపండు కాస్త ముందుకొచ్చింది. జెనీవా చేప కంటే బాగుంది. అతను నన్ను చదువుకున్నవాడిగా గుర్తించి సందేహం అడిగాడు: ఫ్రెషర్లే కావాలని బోర్డు పెట్టి, లోపలికి పోతే రెండేళ్ల అనుభవం ఉందా అంటున్నారు, ఇదేం లెక్క?

ఆ లెక్క నాకు బాగా తెలుసు. అలాంటి ప్రకటనలు నేనే రాయించాను. తెలియదన్నాను.

వరస తగ్గాక నేనూ లోపలికి వెళ్లాను. పాతికేళ్ల కుర్రాడొకడు నా రెజ్యూమే చూసి లేచి నిలబడ్డాడు, ఆడిట్‌కి వచ్చాననుకున్నాడు పాపం. సంగతి తెలిశాక కూర్చున్నాడు. "సర్, మీ ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్ సర్," అన్నాడు. ఈ మాట నేను కూడా చాలామందికి చెప్పాను. దీన్ని తెలుగులోకి తెస్తే "ఇంటికి వెళ్లండి" అని అర్థం.

బయటికొస్తుంటే రమ్య ఎదురైంది. తనకూ కాలేదట. మీ బాబుకి వచ్చిందా అంకుల్ అంది. వాడికీ రాలేదమ్మా అన్నాను. ఆ రోజు యాదగిరిని వెతికింది ఏమీ లేదు. ఇంటికెళ్లి పద్మజకు ఆ మాటే చెప్తే, రేపు బ్యాగు ఇంట్లో పెట్టి వెళ్లమంది.

రాయదుర్గం

రెండో రోజు మా పాత ఆఫీసు వెనక సందుకి వెళ్లాను. యాదగిరి మధ్యాహ్నాలు అక్కడ టీ తాగుతాడని అప్పట్లో విన్నాను. విన్నానంటే మెచ్చుకోలుగా కాదు, సీట్లో ఉండట్లేదని ఎవరో ఫిర్యాదు చేస్తే.

సగం దారిలో కుడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. అవి జెనీవాలో కొన్న బూట్లు. మెట్రో స్తంభం నీడలో కూర్చున్న చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని తిప్పి చూసి, వేలితో తట్టి, "గిది నడిచే బూటు గాదు సార్. కూసునే బూటు," అన్నాడు. అరవై రూపాయలు తీసుకుని జిగురు పెట్టి కుట్టాడు. ఎన్నాళ్లుంటుందంటే, కూర్చుంటే పదేళ్లుంటుందన్నాడు.

ఆఫీసు గోడ నీడలో ఒక్క నిమిషం నిలబడ్డాను. కొత్త సెక్యూరిటీ వచ్చి, ఇక్కడ బయటివాళ్లు నిలబడకూడదన్నాడు. పద్దెనిమిదేళ్లు నన్ను లోపల నిలబెట్టిన గోడ అది. నీడ కూడా ఉద్యోగులకేనని ఆ రోజు తెలిసింది.

సందులో అంజమ్మ టీ బండి ఉంది. చక్కెర లేకుండా ఒక టీ అడిగాను. పదిహేను రూపాయలు. అల్లం గట్టిగా దంచి వేసింది. మొదటి గుక్క తాగగానే ఈ రుచి నాకు ముందే తెలుసనిపించింది, ఎక్కడో గుర్తు రాలేదు. యాదగిరి అనే అతను తెలుసా అని అడిగాను.

"ఏ యాదగిరి? బిడ్డ పుట్టంగనే నౌకరి వోయిన యాదగిరేనా?"

అతన్ని ఈ సందులో అలా గుర్తుపెట్టుకున్నారు. అవునన్నాను.

"నీకేమైతడు?"

పాత స్నేహితుణ్నన్నాను. నమ్మాలా వద్దా అన్నట్టు ఒకసారి చూసి, పాలు పొంగకుండా మంట తగ్గించి, చెప్పడం మొదలుపెట్టింది. యాదగిరి ఇప్పుడు ఇళ్లు చూస్తాడట. అంటే, కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు ఇచ్చిన అడ్రసు నిజమో కాదో ఇంటికి వెళ్లి చూసి, ఫొటో తీసి, పక్కింటివాళ్లను అడిగి రాసిచ్చే పని. ఇంటికింతని ఇస్తారు. ఈ వైపు పని పడినప్పుడు ఇక్కడ ఆగి టీ తాగుతాడు. వెరిఫికేషన్‌లో పోయినవాడికి చివరికి వెరిఫికేషన్‌లోనే పని దొరికింది. మన పరిశ్రమ ఎవర్నీ వృథా పోనివ్వదు.

"నౌకరి వోతే వోయింది, కని ఇంట్ల ముసలామె ఆ పిల్లను అరిగోస వెడ్తది," అంది అంజమ్మ. "గా పోరి పుట్టిన గడియ మంచిది గాదని ఆమె మనసుల వడ్డది. ఇరవై ఒకటోనాడు పేరు వెట్టకముందే కొడుకు నౌకరి వాయె. ఇగ ఎవలు జెప్పినా ఇనది."

నేను ఆ గడియ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. అతని ఉద్యోగం పోయిందని తెలుసు, తర్వాతివి పోయాయని తెలుసు. నేను నొక్కిన మీట ఒక చంటిపిల్ల జాతకం మీద పడిందని తెలియదు. యాదగిరికి నిజం చెప్పి బయటపడదామని వచ్చాను. ఇప్పుడు చూస్తే చెప్పాల్సింది అతనికొక్కడికే కాదు.

అంజమ్మ ఆపలేదు. "ఆయన పైన ఎవడో మూర్తి సారని ఉంటుండె. చేసిందంత వాడే అంటరు. ఒక్కనాడు కిందికి దిగి ఛాయ్ తాగినోడు గాదు. పైకే తెప్పిచ్చుకుంటుండె, చక్కెర లేకుంట."

ఇద్దరం నా చేతిలోని గ్లాసు వైపు చూశాం.

నేనే మూర్తినని అప్పుడైనా చెప్పాల్సింది. మిగిలిన టీ తాగేశాను. ఆమె గుడ్డతో బండి తుడిచింది, అవసరమున్న దానికంటే ఎక్కువసేపు. తర్వాత తన ఫోన్‌లోంచి యాదగిరి నంబరు చదివి చెప్పింది.

"పొయ్యేటట్టుంటే ముసలామెకు జెప్పు," అంది. "పదిహేను రూపాలు."

లింగంపల్లి

ఫోన్ చేసి, నేను మూర్తినని చెప్పాను. మామూలు గొంతుతోనే, రేపు పదింటికి లింగంపల్లి స్టేషన్‌కు రమ్మన్నాడు. ఆ తర్వాత అతనికి పనుందట.

మూడో రోజు హైటెక్ సిటీలో లోకల్ రైలెక్కాను. దూరాన్ని బట్టి కాక ఓపికను బట్టి టికెట్ పెట్టి ఉంటే చాలా ఖరీదయ్యేది. స్విట్జర్లాండులో ఒకసారి రైలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే మైకులో మూడు భాషల్లో క్షమాపణ చెప్పారు. దాని గురించి ఆ పాత కథనంలో తెగ మురిసిపోయాను. ఇక్కడ రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, ఎవరూ ఎదురు చూడనూ లేదు. ఆరేళ్లు ఆలస్యమైనవాణ్ని నేను, కిటికీ పక్కన కూర్చుని రైలును విసుక్కున్నాను.

యాదగిరి స్టేషన్ బయట బైకు మీద ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. "రండ్రి సార్" అన్నాడు. కుశలప్రశ్నలు లేవు. పదకొండింటికి ఒక ఇల్లు చూడాలట, మాట్లాడేది ఉంటే బండి మీద మాట్లాడుకుందామన్నాడు. ఎక్కాను. బండి మీద గాలికి ఏమీ వినబడదు. అది నాకు సుఖంగానే ఉంది.

ఆ ఇల్లు ఒక కాలనీలో మూడో అంతస్తు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కొడుక్కి ఏడాది ఖాళీగా ఉన్నాక ఉద్యోగం వచ్చింది. తల్లి మమ్మల్ని చూసి పెళ్లివారిని చూసినట్టు కంగారుపడిపోయింది. "రండి బాబూ, ఫ్యాన్ కింద కూర్చోండి," అని సున్నుండలు తెచ్చింది. నెయ్యి దండిగా ఉంది. వయసును బట్టి నేనే పెద్ద అధికారిననుకుని రెండోది నా పళ్లెంలోనే వేసింది. కరెంటు బిల్లు, ఆధార్ కార్డు, కొడుకు పదో తరగతి మార్కులు కూడా తెచ్చి ముందు పెట్టింది. ఏ ఊళ్లో అయినా ఇంటికొచ్చిన అతిథిని ఎవరని అడుగుతారు. ఈ దేశంలో అతిథే వచ్చి, మీరు మీరేనా అని అడుగుతాడు.

చిక్కు పక్కింట్లో వచ్చింది. అబ్బాయి రెండేళ్లుగా ఇక్కడుంటున్నట్టు రాశాడు. పక్కింటాయన ఆరు నెలలే అన్నాడు.  తల్లి చేతిలో సున్నుండల డబ్బా అలాగే ఉండిపోయింది. యాదగిరి ఫోన్‌లో ఉన్న ఫారం నాకు కనబడుతోంది. "వివరాలు సరిపోయాయా?" కింద రెండు గళ్లు. అవును, కాదు.

అతను దేన్నీ నొక్కలేదు. మెట్ల మీదికి వెళ్లి ఆ అబ్బాయికి ఫోన్ చేశాడు. కిరాయి పెరిగితే అదే కాలనీలో పక్క వీధి నుంచి ఇక్కడికి మారారట. పాత ఇల్లు ఎక్కడో అడిగి, కిందికి దిగి, ఎండలో ఆ వీధికి నడిచి, పాత ఓనరుతో మాట్లాడి, ఇంటి ఫొటో తీసి, వివరం రాసి, అప్పుడు "అవును" నొక్కాడు. నలభై నిమిషాలు పట్టింది. ఇంటికి ఎనభై రూపాయలిస్తారట. ఏది నొక్కినా ఎనభయ్యే.

"మరి 'కాదు' అని కొట్టి వెళ్లిపోవచ్చుగా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"అందరు గట్లనే కొడ్తరు సార్. రెండు సెకండ్ల పని," అన్నాడు బండి తిప్పుతూ. "నాకే చెయ్యొస్తలేదు."

ఇక గాలి చాటున దాక్కోలేకపోయాను. బండి పక్కకు ఆపమని, రోడ్డు మీదే, జెనీవా మూడో రోజు సంగతి మొత్తం చెప్పాను. వాన, పన్నెండు మంది, గడి, ఎర్ర గీత, చేప, చదివి జవాబివ్వని మెసేజ్. అతను హెల్మెట్ తియ్యకుండా విన్నాడు. సున్నుండ నా నోట్లో ఇంకా తియ్యగానే ఉంది, అది చాలా ఇబ్బందిగా అనిపించింది.

"నాకు ఎరికే సార్," అన్నాడు. "క్లయింటుకు కోపమొచ్చిందని జెప్పి నన్ను తీసిండ్రు. బిడ్డ పుట్టిందని తెల్సి గా క్లయింటే నాకు మెయిల్ వెట్టిండు, కంగ్రాట్స్ అని. కోపమున్నోడు వెడ్తడా?"

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"అడిగిన గద సార్. మీరు సూసిండ్రు గని జవాబియ్యలే." హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు. "నాకు జెప్పుడేముంది, నాకు తెల్సిందే. మా అమ్మకు జెప్పుండ్రి. నేను జెప్తే, బిడ్డను ఎనకేసుకొస్తున్నవంటది."

రెండు గదుల ఇల్లు

అతనుండేది రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య సుజాత ఒక దవాఖానలో బిల్లింగ్ చేస్తుంది, సాయంత్రానికి గాని రాదు. తల్లి నర్సమ్మ, నేను కొడుకు పాత సారునని విని, చాప పరిచి, తినకుండా పోనివ్వనంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర. రొట్టె పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చింది. పచ్చిపులుసులో ఉల్లిపాయలు చేత్తో నలిపి వేసింది. మా తెనాలి వైపు పులుసు మరిగించకపోతే ఒప్పుకోరు. ఇక్కడ మరిగిస్తే ఒప్పుకోరు. మూడు ముద్దలకు నా పక్షం మారిపోయింది.

నర్సమ్మ మంచి మనిషి. ఈ మాట రాయకపోతే ఆమెకు అన్యాయం. మనవరాలికి నెయ్యి రాసిన రొట్టె ముందు పెట్టి, తర్వాతే నాకు పెట్టింది. ఆ పిల్లను కొట్టదు, తిట్టదు. గడియ అలా ఉంది, పిల్లేం చేస్తుంది అంటుంది, వానలు పడకపోతే ఆకాశాన్ని అన్నట్టు.

పాప పేరు వెన్నెల. పేరు ఇరవై ఒకటో రోజున పెట్టలేదట, ఇంట్లో ఎవరికీ మనసు రాక మూడో నెలలో పెట్టారట. నేను విమానం ఎక్కానా అని అడిగింది. ఎక్కానన్నాను. ఎటు పోయినవ్ అంది. చాలా దూరం అన్నాను. అక్కడేం చూసినవ్ అంది. హంసలని చూశానన్నాను. అవి కరుస్తాయా అని అడిగింది. మంచి ప్రశ్న. నా కథనం చదివి మెచ్చుకున్న రెండు వందల మందిలో ఒక్కరూ అడగలేదు.

అప్పుడు యాదగిరి ఫోన్ మోగింది. చందానగర్‌లో ఇంకో ఇల్లు. అతను లేచి మేకుకు ఉన్న బండి తాళం తీశాడు. తాళంచెవి చప్పుడైంది.

వెన్నెల రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు. నర్సమ్మ తల కూడా ఎత్తలేదు. ఆ పిల్ల తనంతట తనే లేచి, వంటగదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది. నాన్న పనికి వెళ్తుంటే ఎదురు రాకూడదని ఆమెకు తెలుసు. నేను మీట నొక్కినంత అలవాటుగా చేసింది ఆ పని. తలుపు కింద సందులోంచి రెండు చిన్న పాదాలు కనబడుతున్నాయి, ఎప్పుడు బయటికి రావచ్చా అని చూస్తూ.

యాదగిరి గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. పద్దెనిమిదేళ్లలో ఎన్నో సమావేశాల్లో లేచి మాట్లాడాను. చెయ్యి కడుక్కోకుండా లేచింది మాత్రం ఇదే మొదలు. ఏమన్నానో మార్చకుండా రాస్తున్నాను, ఈసారి ఒక్క మాటా దిద్దలేదు.

"అమ్మా, మీ అబ్బాయి ఉద్యోగం తీసింది గడియ కాదు. నేను. అతని మీద ఎవరూ ఏమీ అనలేదు. అన్నారని నేను అబద్ధం రాశాను. మీ మనవరాలు పుట్టిందని, అతను మీ దగ్గరున్నాడని, వచ్చి నన్ను అడగలేడని అతని పేరు రాశాను. తర్వాత వచ్చిన ఉద్యోగాలు పోవడానికీ నేనే కారణం. ఆపమని అతనే అడిగాడు, చదివి ఊరుకున్నాను. ఆరేళ్లుగా మీరు ఆ పిల్ల మీద వేస్తున్నది నేను చేసిన పని. వెన్నెలా, ఆ తలుపు తియ్యమ్మా. మీ నాన్న వెళ్తున్నాడు, ఎదురు రా. తప్పు నాది తల్లీ, నీది కాదు. నన్ను క్షమించు."